మలికానుపు వేళ తండ్రి ధర్మము



ఇంట తొలిచూలు బిడ్డ కలుగబోవుచున్నదన్నచో ఉపదేశకులకు కొదువ యుండదు. కాబోవు తండ్రి వీధిలోనికి వచ్చినంతనే రచ్చబండపై కూర్చున్న వారందఱు తలకొక మాట చెప్పుదురు. మలిచూలు నాటికి ఆ మాటలన్నియు ఆగిపోవును. "వానికేమి, ఒక బిడ్డను పెంచినవాడే గదా" యని యందఱు నూరకుందురు. అతడును అట్లే తలచును. ఆ తలపు సరికాదని మనవి చేయుటకే నేడు నేను మీ యెదుటికి వచ్చితిని. రెండవ బిడ్డ రాకతో తల్లికి పని పెరుగును. తండ్రికి పని మాఱును. మాఱిన పని యెట్టిదో అతనికి చెప్పువారు లేకపోవుటచే, పెక్కు ఇండ్లలో దానిని గుర్తింపకయే కాలము గడచిపోవును. అందువలన నష్టపడునది మాటలు నేర్చియు తన బాధను చెప్పుకొననేరని పెద్దబిడ్డ.

మన పల్నాటిలోను, తెలుగుదేశమున తక్కిన సీమలలోను తొలికానుపు పుట్టింటివారిది, మలికానుపు అత్తింటివారిది యను వాడుక కలదు. ఈ వాడుకలో తండ్రిని గూర్చిన రహస్యమొకటి దాగియున్నది. తొలిబిడ్డ పుట్టినపుడు అతడేమి చేసెను? కాపురము మాచర్లలో, అత్తవారిల్లు నరసరావుపేట చేరువలో ననుకొందము. కబురు రాగానే బస్సెక్కి పోయెను. కాళ్లు కడిగికొని లోనికి పోయి, ఉయ్యాలలోని బిడ్డను చూచి మురిసి, అల్లునికి జరుగు మర్యాదలంది, రెండు దినములలో తిరిగి వచ్చెను. రాత్రి బిడ్డ ఏడ్చినపుడు ఎత్తుకొన్నది అత్తగారు. బిడ్డకు నీళ్లు పోసినది ఆ యింటి పెద్దామె. బాలింతకు పథ్యపు కూడు వండి పెట్టినది మఱదలు. మూడవ నెలలోనో అయిదవ నెలలోనో తల్లియు బిడ్డయు అతని యింటికి వచ్చునప్పటికి బిడ్డ మెడ నిలిపి నవ్వుచున్నది. అనగా పసిగుడ్డు తొలి నూఱు దినముల శ్రమ యెట్టిదో అతడు కన్నులార చూడనేలేదు.

ఆ శ్రమయంతయు మలికానుపున అతని యింటి కప్పుక్రిందికి వచ్చును. అదియు నొంటరిగా రాదు. రెండు మూడేండ్ల తొలిబిడ్డ అప్పుడు అదే యింట, అదే తల్లి కొంగు పట్టుకొని తిరుగుచుండును. కావున అనుభవము గలవాడని మనము తలచు తండ్రి ఈ విషయమున నిజముగా క్రొత్తవాడే.

పూర్వము ఈ లోటు తెలియకుండుటకు ఉమ్మడి కుటుంబము కారణము. నాయనమ్మ, పెద్దమ్మ, పెండ్లికాని మేనత్త ఇంటనుండగా, తల్లి పురిటింట నున్న దినములలో పెద్దబిడ్డ ఎవరో యొకరి చంకను విడువకుండెడివాడు. నేడు ఆ చంకలు తఱిగినవి. జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనల లెక్కల ప్రకారము 1992-93 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఒక్కొక స్త్రీకి సగటున కలుగు సంతానము 2.6, 2019-21 నాటి ఆంధ్రప్రదేశమున అది 1.7. ఇద్దరికంటె నెక్కువ సంతానము గలవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదని 1994లో వచ్చిన నియమము మీ యందఱకు తెలిసినదే. అది 2024లో ఎత్తివేయబడినది. కాని ఇద్దరు చాలునను అలవాటు చట్టముతో వచ్చినది గాదు, చట్టముతో పోవునదియు గాదు. ఇద్దరేసి బిడ్డలున్న యిండ్లలో తరువాతి తరమువారికి మేనత్తలును పినతల్లులును అరుదగుట సహజము. ఉన్న యొక్క మేనత్త హైదరాబాదున ఉద్యోగము చేయుచుండును. ఇక పెద్దబిడ్డకు మిగిలిన చంక తండ్రిదే.

ఆ చంక దొరకనిచో బిడ్డకు కలుగు కష్టము మొదట దేహమునకు, పిదప మనస్సునకు సంబంధించినది. దేహము సంగతి ముందు చెప్పెదను.

చంటిబిడ్డ గల తల్లి మఱల గర్భవతియైనపుడు ఆ బిడ్డకు వచ్చు వ్యాధికి ఆయుర్వేదమున పారిగర్భికమని పేరు. దగ్గు, అగ్నిమాంద్యము, వాంతి, మగత, అన్నముపై అరుచి, కృశించుట, పొట్ట పెరుగుట దాని లక్షణములుగా మన వైద్యులు చెప్పిరి. ఇది మన దేశపు మాట. సముద్రమునకు ఆవల ఆఫ్రికాలో, నేడు ఘానా యని పిలువబడు దేశమున, గా యను జాతివారి భాషలో క్వాషియార్కర్ అను మాట యొకటి కలదు. క్రొత్తబిడ్డ రాగా స్థానము కోల్పోయిన పెద్దబిడ్డకు వచ్చు జబ్బని దాని భావము. సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు అచ్చట పనిచేయుచు 1933లో ఆ వ్యాధిని వర్ణించి, 1935లో ఆ జాతివారి మాటనే దానికి పేరుగా వైద్యలోకమునకు తెలిపెను. బిడ్డకు కాళ్లు నీరుపట్టును, వెండ్రుకలు ఎఱ్ఱబాఱును, చర్మము పొలుసులుగా లేచును, ఆటలు మాని చిఱచిఱలాడుచు మూల కూర్చుండును. తల్లిపాలు మానిన బిడ్డకు మొక్కజొన్న గంజి వంటిది తప్ప మాంసకృత్తులు గల ఆహారము దొరకకపోవుట ఇందుకు ముఖ్యకారణమని ఆమె భావించెను. తరువాతి వైద్యులు మఱికొన్ని కారణములను గూడ చేర్చిరి. ఒకరి నొకరు ఎఱుగని రెండు జాతులు ఒకే కష్టమునకు పేరు పెట్టియుండుట గమనింపదగినది. రెండవ బిడ్డ రాక పెద్దబిడ్డ కంచమును తాకునని ఇరువురును గ్రహించిరి.

గర్భము వలన తల్లిపాలు విషమగునను భయమును నేటి వైద్యము అంగీకరింపదు. పాలు తగ్గుటయు, తల్లి యలయుటయు, పెద్దబిడ్డకు కూర్చుండబెట్టి తినిపించువారు లేకపోవుటయు అసలు కీడు. అందుచేత తండ్రికి నేను చెప్పు మొదటి ధర్మము పెద్దబిడ్డ కంచము. ముద్దపప్పు, గ్రుడ్డు, పాలు, వేఱుసెనగలు, ఆకుకూర, వీనిలో ఇంటికి అందినది రోజును రెండు మూడు మాఱులు తన చేతితో కలిపి తినిపింపవలెను. అంగన్‌వాడి కేంద్రములు 1975 అక్టోబరు 2న ప్రారంభమైన పథకము క్రింద ఆఱేండ్ల లోపు బిడ్డలకు ఆహార మిచ్చుచున్నవి. బిడ్డను అచ్చటికి నడిపించుకొని పోవుటయు, నెలనెల తూకము వేయించుటయు తండ్రి చేయదగిన పనులే. ఇంకొక మాట. కానుపునకు పిదప మఱల గర్భము ధరించుటకు కనీసము 24 నెలల యెడము ఉండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ యెడము పాటించుట తల్లి యొక్కతె బాధ్యత కాదు.

ఇక మనస్సు సంగతి. నేను ముప్పదియేండ్లకు పైగా ఈ సీమలో తెలుగు పంతులుగా నుంటిని. చిన్న తరగతులలో చక్కగా పలుక దిద్దుచున్న పిల్లవాడు ఉన్నట్లుండి వ్రేలు చప్పరించుచు, ప్రక్కవానిని కఱచుచు, మధ్యాహ్నమే ఇంటికి పోవుదునని ఏడ్చుచున్నచో విచారింపగా తఱుచు తేలెడి సంగతి యొక్కటే: ఇంట చెల్లెలో తమ్ముడో పుట్టియుండెడివారు. కొందఱు ఎన్నడో మానిన పక్కతడుపు మఱల ప్రారంభింతురు. కొందఱు తామును చంటిబిడ్డలవలె మాటలాడుదురు. మనవారు దీనిని మొండితన మందురు. అది మొండితనము కాదు. ఉయ్యాలలోని బిడ్డ ఏడ్చినంతనే అమ్మ వచ్చుచున్నది. నేనును అట్లే చేసినచో వచ్చునేమో యని బిడ్డ చేయు ఆలోచన అది.

వియన్నా నగరపు వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లరు (1870-1937) పెద్దబిడ్డను సింహాసనము కోల్పోయిన రాజుతో పోల్చెను. ఆయన స్వయముగా ఏడుగురు తోబుట్టువులలో రెండవవాడు. ఆ పోలిక అందఱి నోటను పడి, పెద్దవాడు అసూయాపరుడనియు, రెండవవాడు పోటీదారుడనియు పుట్టుకవరుసను బట్టి స్వభావమును నిర్ణయించు వాడుక బలపడినది. దీనిని ఇటీవలి పరిశోధనలు సమర్థించుటలేదు. అమెరికా, ఇంగ్లండు, జర్మనీ దేశములలో 20,000 మందికి పైగా జనులను పరిశీలించి 2015లో ప్రకటించిన యొక పరిశోధనలో పుట్టుకవరుసకును స్వభావమునకును చెప్పుకొనదగిన సంబంధము కనబడలేదు. మఱియు అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున బ్రెండా వాలింగ్ అను విదుషి రెండవ బిడ్డ పుట్టుటకు ముందునుండి ఏడాది నిండువఱకు 241 కుటుంబములను వెంబడించి చూచెను. పెద్దబిడ్డలలో ఎక్కువమంది త్వరలోనే సర్దుకొనిరి. దీర్ఘకాలము బాధపడినవారు కొద్దిమంది. కాబట్టి తండ్రి భయపడవలసిన పని లేదు. "చెల్లి పుట్టినప్పటినుండి వీడు చెడిపోయినాడు" అని బిడ్డ వినగా ముద్ర వేయుట మాత్రము తగదు. ముద్ర వేసినచో, కొలది మాసములలో పోవలసినది పేరై నిలుచును.

ఇప్పుడు తండ్రి చేయదగిన పనులు చెప్పెదను. ఇవి కష్టమైనవి గావు, వేళకు చేయవలసినవి.

మొదటిది, మార్పులన్నియు కానుపునకు ముందే జరుగవలెను. తల్లి ప్రక్కను పరుండు బిడ్డను పురిటినాడు హఠాత్తుగా దూరముగా పరుండబెట్టినచో, తన పడకను క్రొత్తబిడ్డ లాగికొన్నదని ఆ బిడ్డ తలచును. అదే రెండు మూడు నెలల ముందే నాన్న ప్రక్కను పరుండుట, నాన్న చేత నీళ్లు పోయించుకొనుట, నాన్నతో నన్నము తినుట అలవాటైనచో, దానిని తాను పొందిన క్రొత్త సుఖముగా భావించును. పని యొకటే; వేళ మాఱుటచే ఒకచోట నష్టము, ఒకచోట లాభము.

రెండవది, పురిటి దినములలో పెద్దబిడ్డ తల్లిని చూచుటకు అడ్డు చెప్పరాదు. ఆసుపత్రి నుండి తల్లి యింటికి వచ్చునపుడు చంటిబిడ్డను మఱియొకరు ఎత్తుకొని, తల్లి చేతులు ఖాళీగా నుండునట్లు చూడవలెను. గుమ్మము దగ్గఱ ఎదురు చూచుచున్న పెద్దబిడ్డకు ముందు దొరకవలసినవి ఆ చేతులే.

మూడవది, రోజునకు కొంతసేపైనను తండ్రియు పెద్దబిడ్డయు ఇద్దఱే యుండవలెను. పాడి గేదెను కడుగునపుడు, చేనికి నీరు పెట్టుటకు పోవునపుడు, దుకాణమునకు పోవునపుడు వెంటబెట్టుకొని పోయినను చాలును. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలను చూచుటకు తండ్రి భుజముపై నెక్కిన బిడ్డను మీరు చూచియుందురు. వేలాది జనములో ఆ బిడ్డకంటె ఎత్తున నున్నవారు లేరు. ఆ యెత్తు ఏడాదికొక దినము గాక, దినమున కొక గడియ దొరకవలెనని నా మనవి. గురజాల ప్రాంతపు మిరపరైతు ఒకడు నాతో ననిన మాట నేను మఱువలేను: "పెద్దది పుట్టినప్పుడు అందరితోపాటు చూసొచ్చినా. రెండోది పుట్టినాకనే, పంతులుగారూ, పెద్దది నా బిడ్డని తెలిసొచ్చింది." మలికానుపున తల్లికి రెండవ బిడ్డ పుట్టును, తండ్రికి మొదటి బిడ్డ మఱల పుట్టును.

నాల్గవది, చంటిబిడ్డను గూర్చి పెద్దబిడ్డతో మాటలాడవలెను. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జూడీ డన్, కారొల్ కెండ్రిక్ అను నిద్దఱు విదుషులు 40 కుటుంబములను పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించిరి. చంటిబిడ్డకు ఆకలి, నిద్ర, ఇష్టము, అయిష్టము కలవని, అదియు మనవంటి మనిషియేయని తల్లి పెద్దబిడ్డతో మాటలాడిన యిండ్లలో, తోబుట్టువుల నడుమ తరువాత స్నేహము మెండుగా నుండెను. "ముట్టకు, పడవేయుదువు" అని తఱుముట కంటె, "చెల్లి ఎందుకేడ్చుచున్నదో చెప్పుము చూతము" అని యడుగుట మేలు. బిడ్డ ఏదో యొకటి చెప్పును. ఆ చెప్పుటలోనే చెలిమి మొలచును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. పెద్దబిడ్డ తండ్రిది, చిన్నబిడ్డ తల్లిది యని ఇల్లు రెండుగా చీలరాదు. ఈ చీలిక ఎంత దూరము పోగలదో ఐతరేయ బ్రాహ్మణములోని శునశ్శేపుని కథ తెలుపుచున్నది. హరిశ్చంద్రుని కుమారుడు రోహితుడు వరుణునికి తాను బలి కావలసియుండగా, తనకు బదులు వేఱొకనిని వెదకుచు అడవిలో అజీగర్తుడను బ్రాహ్మణుని చూచెను. అతడు ఆకలిచే బాధపడుచున్నవాడు. ముగ్గురు కొడుకులు గలవాడు. నూఱావుల నిత్తును, ఒకని నిమ్మని రోహితు డడిగెను. తండ్రి పెద్దవానిని దగ్గఱకు తీసికొని వీనిని ఈయననెను. తల్లి చిన్నవానిని దగ్గఱకు తీసికొని వీనిని ఈయననెను. నడిమివాడైన శునశ్శేపుని ఈయననువారు లేరైరి. వాడే అమ్ముడుపోయెను. ఆ తల్లిదండ్రులకు ప్రేమ లేకపోలేదు, ఇరువురును ప్రేమించినవారే. ప్రేమను వంతులు వేసికొనుటయే వారు చేసిన తప్పు. వంతులు వేసిన చోట ఎవరి వంతునకును రానివాడొకడు మిగులును.

ఆ కథ అంతటితో ముగియలేదు. దేవతలను స్తుతించి బంధవిముక్తుడైన శునశ్శేపుని విశ్వామిత్రుడు కొడుకుగా స్వీకరించెను. స్వీకరించి, తనకు గల నూటయొక్క కొడుకులతో నితనిని జ్యేష్ఠునిగా నంగీకరింపుడనెను. చిన్నవారు ఒప్పుకొనిరి. పెద్దవారైన ఏబదిమంది ఒప్పుకొనలేదు. తండ్రి వారిని శపించెను. ఆ శాపగ్రస్తుల సంతతివారిలో ఆంధ్రుల పేరు చెప్పబడియున్నది. మన జాతి పేరు వినవచ్చు ప్రాచీన గ్రంథభాగములలో నొకటి, క్రొత్తగా వచ్చిన తమ్ముని అంగీకరింపలేని అన్నల కథ యగుట విచిత్రము. నేను ఋషిని తప్పు పట్టుటకు చాలను. కాని గృహస్థులు నేర్చుకొనదగినది ఇందొకటి కలదు. క్రొత్తవానిని పెద్దవారి తలపై నెక్కించి, వెంటనే ప్రేమింపుడని యాజ్ఞాపించినచో ప్రేమ పుట్టదు. "నీవు పెద్దవాడవు, నీవే సర్దుకొమ్ము" అని మూడేండ్ల బిడ్డతో పూటకు పదిమాఱులు చెప్పుటయు అట్టి యాజ్ఞయే. నిన్నటివఱకు ఆ బిడ్డయే ఇంటికి చిన్నవాడు గదా!

మన పల్నాటి వారికి సోదరుల చీలిక అన్న పుస్తకములు చూడవలసిన పని లేదు. అనుగురాజు కొడుకులు, వేర్వేఱు తల్లుల బిడ్డలు, గురజాలలో నలగామరాజై, మాచర్లలో మలిదేవరాజై విడిపోయిరి. కోడిపోరు, అరణ్యవాసము, రాయబారము, చివరకు కారెంపూడి రణరంగము. నేటికిని కార్తీకమాసమున ఆ వీరుల ఉత్సవములు అయిదు దినములు జరుగుచున్నవి. ఆ గాథలోనే దీనికి మందు గూడ కలదు. బ్రహ్మనాయుడు మాల కులజుడైన కన్నమదాసును కొడుకుగా నాదరించెననియు, తన కడుపున పుట్టిన బాలచంద్రుడున్నను ఆ యాదరము తఱుగలేదనియు వీరగాథ చెప్పుచున్నది. కులభేదములు లేక అందఱు నొక్కచోట కూర్చుండి తిను చాపకూడు ఆయన పేరుతోనే నిలిచినది. బిడ్డ లిద్దఱును ఒకే చాపపై కూర్చుండి తినునట్లు చూచుట తండ్రి చేతిలోని పని. పెద్దదానికి తినిపించిన చేతితోనే చిన్నదానిని జోకొట్టవలెను. రాత్రి ఒకసారి లేచి చంటిబిడ్డ పొత్తిగుడ్డ మార్చి, తల్లికి పెద్దబిడ్డతో పరుండు తీరిక కలుగజేయవలెను.

ఇంతవఱకు తండ్రి చేయవలసినది చెప్పితిని. అతని మనస్సును గూడ కొంత చూతము. రెండవ బిడ్డను చూచినపుడు తొలినాటి పరవశము రాలేదని లోలోపల సిగ్గుపడు తండ్రులు కలరు. ఒక్కదానిపై నున్న ప్రేమ సగమగునేమోయని భయపడువారు కలరు. ఒక దీపముతో రెండవ దీపము వెలిగించినచో మొదటిది తఱుగదని వారికి చెప్పవలెను. రెండవ బిడ్డపై మమకారము చూపుతో రాకపోయినను ఎత్తుకొనగా ఎత్తుకొనగా వచ్చును. నిద్రలేమి, పంట యప్పు, ఆసుపత్రి ఖర్చు కలసినపుడు మగవాడును క్రుంగును. బిడ్డ పుట్టిన కాలమున తండ్రులలో నూటికి పదిమంది మనోవ్యాధికి లోనగుచున్నారని, పలు దేశముల పరిశోధనలను క్రోడీకరించి 2010లో వైద్యులు చెప్పిరి. మాటలు తగ్గి, తిండి తగ్గి, ఇంటికి వచ్చుట కిష్టపడని తండ్రి కనబడినచో, సోమరియని తిట్టక కూర్చుండబెట్టి మాటలాడించుడు; అవసరమైనచో వైద్యుని చెంతకు పంపుడు. ప్రభుత్వోద్యోగులైన తండ్రులకు ఇద్దఱు బిడ్డలవఱకు 15 దినముల సెలవు కలదు. రైతునకు, కూలికి సెలవిచ్చువారెవరు? ఊరివారే ఈయవలెను. పత్తితీత వేళ నాలుగు దినములు అతని చేనికి చుట్టుప్రక్కలవారు పోయినచో, అతడు ఆ ఋణమును తరువాత తీర్చుకొనును.

చివరకు ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. తొలిబిడ్డ ఆడపిల్లయై, మలిబిడ్డయు ఆడపిల్లయైన యింట, "మళ్లీ ఆడపిల్లేనా" అని వచ్చినవారందఱు దీర్ఘముగా నిట్టూర్తురు. ఉయ్యాలలోని బిడ్డకు ఆ మాట తెలియదు. గుమ్మములో నిలిచిన పెద్దపిల్లకు తెలియును. "మళ్లీ" యన్న యొక్క మాటతో, తాను పుట్టినపుడును వీరిట్లే నిట్టూర్చిరని ఆ పిల్ల గ్రహించును. ఆ దినమున తండ్రి ముఖమే ఆ యిద్దఱు బిడ్డలకు జాతకము. గర్భమున నున్నది ఆడయో మగయో తెలిసికొనుట, తెలుపుట 1994 నాటి చట్టము ప్రకారము నేరము. ప్రధానమంత్రి మాతృవందన పథకము క్రింద, అర్హులైన తల్లులకు రెండవ కానుపున ఆడపిల్ల పుట్టినచో 6,000 రూపాయలు ఇచ్చునట్టి యేర్పాటు 2022 ఏప్రిలు నుండి అమలులోనికి వచ్చినది. సొమ్ము చిన్నదే. కాని తండ్రి నవ్వుచు బయటికి వచ్చి, "మా పెద్దదానికి చెల్లెలు పుట్టినది" అని వీధిలో చెప్పిన మాటకు వెల లేదు.

పెద్దలారా, మీ చేతిలో నున్న పనులు మూడు. పెద్దబిడ్డను చూచి "నీ పని అయిపోయినదిరా, ఇక అమ్మ తమ్మునిదే" అని వేళాకోళమాడు అలవాటు మన యూళ్లలో కలదు. మనకది నవ్వులాట, ఆ బిడ్డకు అది తీర్పు. దానిని మానుట మొదటిది. బిడ్డకు నీళ్లు పోయుచున్న తండ్రిని చూచి "ఆడంగి పనులు" అని నవ్వువారిని వారించుట రెండవది. మీరు నవ్వకున్నచో ఊరు నవ్వదు. ఇక మూడవది, మలిచూలు నిలిచినదని తెలిసిననాడే ఆ తండ్రిని రచ్చబండపైకి పిలిచి, తొలిచూలునాడు చెప్పినట్లే మఱల చెప్పుట. ఏమి చెప్పవలెనందురా? "రెండవదానికి తల్లి యున్నది, నాయనా. మొదటిదానిని ఇప్పటినుండియే ఎత్తుకొనుము" అని చెప్పుడు. తక్కినది ఆ బిడ్డయే అతనికి నేర్పును.